డిగ్రీ మొదటి ఏడాది పాఠం తెలుగులో వివరించాలా, ఇంగ్లీషులోనే చెప్పాలా?

మూడో బెంచీ (కడప)

అందరికీ నమస్కారం. మాది మైదుకూరు దగ్గర పల్లె. పదో తరగతి, ఇంటర్ రెండూ తెలుగు మాధ్యమంలోనే చదివాను. రెండు నెలల కిందట కడపలో బి.ఎస్సీ. రసాయన శాస్త్రంలో చేరాను. మన రాష్ట్రంలో 2021-22 నుంచి డిగ్రీ కోర్సులన్నీ ఇంగ్లీషు మాధ్యమమే. ఆ సంగతి తెలిసే చేరాను, పరీక్ష ఇంగ్లీషులోనే రాస్తాను. నేను అడిగేది ఒక్కటే. మొదటి ఏడాది, కనీసం మొదటి సెమిస్టరు వరకైనా, తరగతిలో వివరణ తెలుగులో ఉండాలా వద్దా? ఉండి తీరాలని నా వాదన.

కళాశాల అంటే ఎన్నో అనుకుని వచ్చాను. పెద్ద గ్రంథాలయం ఉంటుందని, సందేహం అడిగితే సంతోషించే అధ్యాపకులు ఉంటారని, ఇంటర్లో బట్టీ పట్టినవన్నీ ఇక్కడ చేతులతో చేసి చూస్తానని. మొదటి రోజు ఏడు గంటల బస్సెక్కి, గేటు తెరవకముందే వచ్చి నిలబడ్డాను.

రెండో వారంలో అంశమాపనం (టైట్రేషన్, ఒక ద్రావణాన్ని బొట్టుబొట్టుగా మరోదానిలో కలిపి గాఢత కొలిచే ప్రయోగం) చేయించారు. మేడం ఇంగ్లీషులో గబగబా చెప్పుకుంటూ వెళ్లారు. బ్యూరెట్టులో, అంటే గీతలున్న పొడవాటి గాజు గొట్టంలో, 'లోయర్ మెనిస్కస్' దగ్గర రీడింగ్ తీసుకోవాలన్నారు. మెనిస్కస్ అంటే ఏదో పరికరం అనుకున్నాను. బల్ల మీద పిపెట్టు ఉంది, శాంకవ కుప్పె ఉంది, తెల్ల పలక ఉంది. మెనిస్కస్ ఎక్కడుందో తెలియదు. చుట్టూ అందరూ అంకెలు రాసుకుంటున్నారు, అడగడానికి నాకు నోరు రాలేదు. నేను ఖాళీ పుస్తకంతో నిలబడి ఉండటం చూసి ప్రయోగశాల అటెండరు, పెద్దాయన, పక్కకు వచ్చాడు. "అమ్మా, గొట్టం అంచుల్లో నీళ్లు పైకి పాకుతాయి, మధ్యలో నెలవంకలా కిందికి వంగుతాయి చూడు. ఆ వంపు అడుగున ఏ గీత ఉందో అది రాసుకో. కన్ను దానికి సమానంగా పెట్టు" అన్నాడు. మూడే వాక్యాలు. నాకు ఆ గంట పాఠమంతా వాటితో అర్థమైంది.

అవక్షేపం, ఉత్ప్రేరకం, క్షయకరణం నాకు బాగా తెలుసు. ప్రెసిపిటేట్, కెటలిస్ట్, రిడక్షన్ అంటే అవేనని చెప్పినవారు లేరు. తెలిసిన విషయాన్నే తెలియనిదానిలా మళ్లీ మొదలుపెట్టాల్సి రావడం చాలా కష్టంగా ఉంది. మీరేమంటారు?

పెన్నా ఒడ్డు (ప్రొద్దుటూరు, ప్రస్తుతం బెంగళూరు)

చెల్లెమ్మా, నీ బాధ నాకు కొత్త కాదు. అయినా నీ వాదనతో ఏకీభవించలేను.

నేను డిగ్రీ మూడేళ్లూ తెలుగు మాధ్యమంలో చదివాను. హాయిగా చదివాను, మొదటి శ్రేణిలో ఉత్తీర్ణుడినయ్యాను. ఆ తర్వాత మందుల పరిశ్రమలో నాణ్యతను పరీక్షించే ఉద్యోగానికి వెళ్లాను. వాళ్లు అడిగినది అంశమాపనం గురించే. రోజూ చేసిన పని. జవాబు మనసులో ఉంది, నాలుక మీద మాత్రం తెలుగు మాటే ఆడుతోంది. ఎదురుగా కూర్చున్నది తమిళాయన, కన్నడాయన. అలా నాలుగు ఇంటర్వ్యూలు పోగొట్టుకున్నాను. ఐదోదానికి ముందు ఆరు నెలలు అద్దె గదిలో కూర్చుని నా డిగ్రీ పాఠాలన్నీ ఇంగ్లీషులో మళ్లీ చదివాను. ఆ ఆరు నెలలు మా నాన్న అప్పు చేసి డబ్బు పంపాడు.

మొదటి సెమిస్టరు వరకే అంటున్నావు. అది అక్కడితో ఆగదు. తెలుగులో చెబితే పిల్లలకు సులువు, చెప్పేవారికీ సులువు. రెండో సెమిస్టరులో ఎవరూ మార్చరు. మన పల్లెల్లో ఈత ఎలా నేర్చుకున్నాం? బావిలో దిగే కదా! గట్టు మీద కూర్చుని నేర్చుకున్నవాడిని నేను చూడలేదు. మీ కడపలోనే సి.పి.బ్రౌన్ ఉన్నాడు, 1820లో ఉద్యోగం మీద వచ్చాడు. పరాయి దేశం వాడు మన భాషలో పడి ఈది, 1852లో తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు అచ్చు వేయించాడు. మనం వాళ్ల భాషలో ఒక సెమిస్టరు ఈదలేమా?

సుద్దముక్క (అనంతపురం)

ఇరవై ఆరేళ్లుగా డిగ్రీ పిల్లలకు భౌతిక శాస్త్రం చెబుతున్నాను. పెన్నా ఒడ్డు గారూ, మీరు బావి అన్నారు కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడతాను. పిల్లవాడిని బావిలో దింపేటప్పుడు నడుముకు బెండు కట్టి దింపేవాళ్లం. నాన్నో, మామో నీళ్లలో పక్కనే ఉండేవారు. బెండు లేకుండా తోసినవాడిని ఊళ్లో పెద్దలు తిట్టేవారు. ఈ అమ్మాయి బెండు అడుగుతోంది, గట్టు అడగడం లేదు.

బ్రౌన్ సంగతీ అంతే. ఆయన తన బంగళాలో పండితులను సొంత డబ్బుతో జీతాలిచ్చి పెట్టుకున్నాడు. అర్థం కాని పద్యం వస్తే పక్కన కూర్చుని విప్పి చెప్పేవాళ్లు ఉన్నారు. మొదటి ఏడాది పిల్లలకు అలాంటి మనిషి ఒక్కరైనా ఉండాలి కదా.

మాకు సంబంధించిన కష్టం కూడా చెప్పాలి. 1968లో తెలుగు అకాడమి ఏర్పడ్డాక డిగ్రీకి మంచి తెలుగు పుస్తకాలు వచ్చాయి, నేను వాటితోనే చదువుకున్నాను. మాధ్యమం మారాక అవి మూలన పడ్డాయి. ఇప్పుడు నేను ఏం చేస్తానంటే, జడత్వ భ్రామకం (తిరుగుడులో మార్పును వస్తువు ఎంత అడ్డుకుంటుందో చెప్పే కొలత) చెప్పాలనుకోండి, ముందు గుంజకు కట్టిన తాడు, తిరిగే గిరక, రాట్నం, వీటితో తెలుగులో చెబుతాను. అర్థమైందని ముఖాలు చెబుతాయి. అప్పుడు అదే సంగతిని నాలుగు చిన్న ఇంగ్లీషు వాక్యాలుగా బోర్డు మీద రాసి, ఒకరి తర్వాత ఒకరి చేత పైకి చదివిస్తాను. మొదటి నెల గొంతులు వణుకుతాయి. దసరా సెలవుల తర్వాత వణకవు. దీనివల్ల పాఠ్యప్రణాళికలో వెనకబడతాను, నిజమే. ఆ వెనకబాటును జనవరిలో పూడ్చుకుంటాను, ఎందుకంటే అప్పటికి తరగతి నాతో నడుస్తుంది.

యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) 2019లో దీక్షారంభ్ పేరుతో కొత్త విద్యార్థుల పరిచయ కార్యక్రమం పెట్టమంది. ఆ రోజులను ఈ పదాల పనికి వాడుకుంటే ఎంత బాగుండేది! నేను చూసినచోట్ల అది శాలువాలు, ప్రసంగాలతో అయిపోయింది.

గడియారం గోపురం (అనంతపురం)

పాత రోజుల్లో అంతా ఇంగ్లీషే కదా సార్. మన ఊరి ఆర్ట్స్ కళాశాల 1916లో మొదలైంది. నీలం సంజీవరెడ్డి గారు అక్కడ చదివినవారే, రాష్ట్రపతి అయ్యారు. వాళ్లకు ఎవరు తెలుగులో చెప్పారు?

సుద్దముక్క (అనంతపురం)

అప్పుడు ఒక ఊరి నుంచి ఒకరు వచ్చేవారు, అదీ కలిగినవారి ఇంటి నుంచి. వాళ్లు ఉన్నత పాఠశాల నాటికే ఇంగ్లీషులో చదివి వచ్చేవారు. ఇప్పుడు నా తరగతిలో ఉపాధి పనికి వెళ్లే తల్లుల పిల్లలు కూర్చుంటున్నారు. ఇది మనం సంతోషించాల్సిన మార్పు. పాఠం చెప్పే పద్ధతీ దానికి తగ్గట్టు మారాలి.

కొండమీది కోట (ఆదోని)

ఇందులో మా మాట ఎవరూ అనలేదు కాబట్టి రాస్తున్నాను. నేను పదో తరగతి వరకు ఉర్దూ మాధ్యమం. ఇప్పుడు కర్నూలులో డిగ్రీ రెండో ఏడాది. ఆదోని, కర్నూలు, కడపల్లో మాలాంటివాళ్లు చాలామంది ఉన్నారు. మడకశిర, రాయదుర్గం వైపు కన్నడంలో చదివినవాళ్లు ఉంటారు. తెలుగులో వివరించాలని మీరంతా అంటుంటే, ఏ తెలుగు అని అడగాలనిపిస్తోంది.

బజారులో, బస్సులో, స్నేహితులతో నేను మాట్లాడేది తెలుగే. కానీ మొదటి ఏడాది మా సార్ మాకు సాయం చేయాలని, ఎంతో మంచి మనసుతో, 'కిరణజన్య సంయోగక్రియ' అన్నారు. నాకు ఫొటోసింథసిస్ కన్నా అది కష్టంగా తోచింది. రెండు గోడల మధ్య ఇరుక్కున్నట్లయింది. అదే ఆయన "ఆకు ఎండను పట్టుకుని తన అన్నం తాను వండుకుంటుంది" అని ఉంటే నా దాకా చేరేది.

చెల్లీ, మీ అటెండరు చెప్పిన మూడు వాక్యాలు మళ్లీ చదివి చూడు. నీళ్లు, అంచు, నెలవంక, గీత, కన్ను. ఒక్క పుస్తకం మాట లేదు. నాకూ అర్థమయ్యాయి. నీకు కావలసింది ఆ తెలుగు అయితే నేను నీ పక్షం. ఇంటర్ పుస్తకంలోని తెలుగు అయితే మాత్రం, మాలాంటి వాళ్లం ఇంకా వెనక బెంచీకి వెళ్లిపోతాం.

ఒక తండ్రి (జమ్మలమడుగు)

నాకు ఇంగ్లీషు రాదు. మా వాడు పోయిన ఏడాది డిగ్రీలో చేరి ఐదు వారాలకు పెట్టె సర్దుకుని ఇంటికి వచ్చేశాడు. ర్యాగింగేమో అని భయపడి అడిగాను. "అందరూ మంచివాళ్లే నాన్నా, ఏం చెబుతున్నారో తెలియడం లేదు, అంతే" అన్నాడు. ఇప్పుడు బండల పాలిష్ పనికి పోతున్నాడు. మా చిన్నమ్మాయి ప్రభుత్వ బడిలో చదువుతోంది. దాని పుస్తకంలో ఒక పేజీ ఇంగ్లీషు, ఎదురు పేజీ తెలుగు. మా వాడి డిగ్రీ పుస్తకంలో ఆ ఎదురు పేజీ లేదు. మీరు చదువుకున్నవాళ్లు, ఏదో ఒకటి తేల్చండి.

పెన్నా ఒడ్డు (ప్రొద్దుటూరు, ప్రస్తుతం బెంగళూరు)

జమ్మలమడుగు అన్న రాసింది చదివాక రాత్రి నిద్ర పట్టలేదు. అన్నా, మీ వాడిని ఈ ఏడాది మళ్లీ చేర్పించండి. మొదటి సెమిస్టరు పుస్తకాలు నా దగ్గర చదివించే పూచీ నాది. ఆదివారాలు ఫోనులో కూర్చోబెట్టుకుంటాను.

నా అభిప్రాయం మాత్రం పూర్తిగా మారలేదు. ఆదోని తమ్ముడు చెప్పిన మాటల తెలుగు సరే, సుద్దముక్క సార్ పద్ధతీ సరే. కానీ దానికి ఒక గడువు రాసి పెట్టాలి. ఆరు వారాలు. ఏడో వారం నుంచి ప్రశ్న అడిగేది, జవాబు చెప్పేది ఇంగ్లీషులోనే, తప్పులున్నా సరే, ఎవరూ నవ్వకూడదు. గడువు లేని సాయం పిల్లలను ఎక్కడ వదిలేస్తుందో నాకు తెలుసు.

సుద్దముక్క (అనంతపురం)

ఆరు వారాలు చాలవండీ. బస్సుపాసులు, హాస్టల్ గదులు తేలేసరికే మూడు వారాలు పోతాయి. ఆలస్యంగా చేరేవాళ్లు ఉంటారు. సెమిస్టరు పూర్తిగా ఇవ్వండి. నవ్వకూడదన్న నియమం మాత్రం మొదటి రోజు నుంచే ఉండాలి.

మూడో బెంచీ (కడప)

అందరి మాటలూ రెండుసార్లు చదివాను. ఆదోని అన్న చెప్పింది నాకు తట్టలేదు. తెలుగు అనగానే నా ఇంటర్ పుస్తకమే నా మనసులో ఉంది. నా పక్కన కూర్చునే అమ్మాయి ఉర్దూ మాధ్యమం నుంచి వచ్చిందని నాకు నిన్ననే తెలిసింది, అదీ నేను అడిగితేనే. రెండు నెలలుగా ఇద్దరం ఒకే బెంచీ మీద ఒకరికొకరు తెలియకుండా మౌనంగా కూర్చున్నాం. నిన్న సాయంత్రం గ్రంథాలయం మూసేదాకా కూర్చుని పదాల పట్టిక మొదలుపెట్టాం. ఒక గడిలో ఇంగ్లీషు మాట, దాని పక్కన తను ఉర్దూలో, నేను తెలుగులో, చివరి గడిలో ఇద్దరికీ అర్థమయ్యే మామూలు వాక్యం. ఆ చివరి గడి నింపడానికే ఎక్కువసేపు పట్టింది. మెనిస్కస్ దగ్గర అటెండరు పెద్దాయన మాటలే రాశాం.

పెన్నా ఒడ్డు అన్నా, గడువు పెట్టమన్నారు, పెడతాను. అయితే సార్ చెప్పినట్లు సెమిస్టరు చివరి వరకు. సోమవారం మా శాఖాధిపతికి ఇవ్వడానికి ఒక వినతిపత్రం రాస్తున్నాం. ఇప్పటికి అందులో మూడు ఉన్నాయి. మొదటి సెమిస్టరులో ప్రతి పాఠానికి ముందు పది నిమిషాలు మాటల తెలుగులో వివరణ. ప్రయోగశాల గోడ మీద పరికరాల పేర్లు, కొలతల మాటలు పెద్ద అక్షరాల్లో. రెండో సెమిస్టరు నుంచి తరగతిలో ప్రశ్నలూ జవాబులూ ఇంగ్లీషులో. ఇంకేమైనా చేర్చాలంటే ఆదివారం రాత్రిలోపు ఇక్కడ రాయండి. ఇప్పటికి పదిహేడు మంది సంతకాలు చేశారు.