అప్‌డేట్: మడమ వెనక నొప్పి, ఎక్స్‌రేలో తేలింది ఇదీ

మడమ వెనక వాపు, షూ వేస్తే పోటు, ఎక్స్‌రే తీయించాలా అని రెండు నెలల క్రితం అడిగాను. జవాబిచ్చిన అందరికీ థాంక్స్.

డాక్టర్ పక్క నుంచి ఎక్స్‌రే తీయించారు. మడమ వెనక ఒరిపిడి తగ్గించడానికి బర్సా అనే మెత్తటి నీటి సంచి ఉంటుంది, అది ఎక్స్‌రేలో నేరుగా కనపడదట. కానీ మడమ ఎముకకీ అకిలీస్ టెండన్‌కీ (పిక్క కండరాన్ని మడమకి కలిపే తాడులాంటిది) మధ్య మామూలుగా నల్లగా కనిపించాల్సిన కొవ్వు భాగం నాకు మసకబారింది. ఎముక వెనక పైమూల ఉబ్బెత్తుగా ఉంది, దాన్ని హాగ్లండ్ అంటారట. అల్ట్రాసౌండ్‌లో బర్సైటిస్, అంటే ఆ బర్సా వాపు అని ఖాయమైంది.

అరికాలి వైపు కనిపించిన ఎముక ముల్లు చూసి చాలా టెన్షన్ పడ్డాను. ఈ నొప్పికి కారణం అది కాదన్నారు. కీళ్ల వాపు తెచ్చే యూరిక్ యాసిడ్ కూడా రక్తంలో నార్మలే.

బిగుతు షూ మానేయమని ఇక్కడ చెప్పిన సలహానే పనిచేసింది. వెనక పట్టీ లేని చెప్పులు, ఐస్‌తో ఆరు వారాల్లో తగ్గింది. ఇంజెక్షన్ అవసరం పడలేదు.