ఊర్మిళ నవలకు సమీక్ష: “మూలంలో లేదు” అని తప్పు పట్టొచ్చా?

పాతపుస్తకం:
ఊర్మిళ చుట్టూ అల్లిన ఒక ఫాంటసీ నవలకు సమీక్ష రాస్తున్నాను. అందులో లక్ష్మణరేఖ మంత్రాలతో లేపిన అగ్నిగోడ. ఊర్మిళేమో పద్నాలుగేళ్ల నిద్రలో వేరే లోకాలు తిరుగుతుంది. రెండూ వాల్మీకంలో లేవు కదా, “మూలాన్ని వక్రీకరించారు” అనొచ్చా? ఇంకో సందేహం: ముగింపు తేలిపోయింది. మలుపు బయటపెట్టకుండా ఆ మాట ఎలా చెప్పాలి?

ద్విపద:
వాల్మీకంలో లేవన్నది నిజమే. అరణ్యకాండ 45వ సర్గలో లక్ష్మణుడు, సీత అన్న మాటలు పడలేక, వనదేవతలు నిన్ను కాపాడుగాక అని వెళ్లిపోతాడు. గీత గీయడు. కానీ మన రంగనాథ రామాయణంలో గీస్తాడు. ఊర్మిళ నిద్ర సంగతి చెప్పక్కర్లేదు, తెలుగిళ్లలో ఆడవాళ్లు పాడుకున్న పాటే ఉంది. “వక్రీకరణ” అన్నారో, కింద కామెంట్లలో ఎవరో ఒకరు ఈ రెండూ తెచ్చి మీ ముందు పెడతారు.

దాని బదులు, నవల ఏ రామాయణం నుంచి తీసుకుంది, ఎక్కడ మార్చింది, మార్చి ఏం సాధించింది అన్నది చూడండి. పాటలో నిద్రలేచిన ఊర్మిళ మొగుణ్ణి గుర్తుపట్టదు. పరాయి మగవాడు గదిలోకి వచ్చాడనుకుని, మా నాన్న జనకుడు వింటే ఊరుకోడని బెదిరిస్తుంది. లోకాలు తిరిగొచ్చిన ఊర్మిళకైతే ఆ గుర్తుపట్టకపోవడానికి ఇంకా గట్టి కారణం ఉంటుంది. నవల ఆ ఘట్టాన్ని చేజార్చుకుంటే, మీ సమీక్షలో పెద్ద పేరా దానికే ఇవ్వండి.

మాయాదర్పణం:
మూలం గురించి మూడు నాలుగు వాక్యాలు చాలండీ. పాఠకుడికి కావాల్సింది ఈ పుస్తకంలో మాయ నిలబడిందా లేదా అన్నది. చదువుతూనే ఒక కాగితం మీద రాసుకోండి: ఆ అగ్నిగోడ ఎవర్ని ఆపుతుంది, లోపలివాళ్లు దాటొచ్చా, దాన్ని లేపినవాడు ఏం పోగొట్టుకుంటాడు. పక్కనే పేజీ నంబరు. ఇలాంటి నవలలు ఎక్కువగా దెబ్బతినేది మూడోదాని దగ్గర. మొదట్లో మంత్రం వేస్తే రక్తం కక్కుకున్నవాడు, చివరి యుద్ధంలో పది మంత్రాలు వేసి చెమట కూడా పట్టకుండా నిలబడతాడు. రెండు పేజీల నంబర్లూ ఇచ్చారంటే ఇక వాదన ఉండదు.

ముగింపు గురించి: కథలో మొదటి పావువంతు దాకా ఏం జరిగిందో చెప్పేయొచ్చు. అక్కణ్ణుంచి సంఘటన చెప్పకండి, లోపం ఏ రకమో చెప్పండి. “చివర్లో చిక్కు విప్పే వరం అంతకుముందు ఎక్కడా ప్రస్తావనకు రాదు” అంటే చాలు. ఎవరికి వరం, ఎవరిచ్చారు అన్నది పొక్కదు.

శవంభుజాన:
చిక్కుప్రశ్నతో ముగిసే బేతాళ కథల ఫక్కీకి వేరే పరీక్ష ఉంది. ప్రశ్న దగ్గర పుస్తకం మూసి మీ జవాబు రాసుకోండి. తర్వాత రాజు జవాబు చదవండి. రెండూ కలవకపోయినా పర్లేదు. కానీ కథలో చెప్పని విషయం ఆధారంగా రాజు తీర్పు చెప్పాడంటే ఆ కథ కుంటిది.

పాతపుస్తకం:
బాగుంది, “వక్రీకరణ” తీసేశాను. తర్వాత సమీక్ష గ్రిమ్ సోదరుల కథల తెలుగు పుస్తకం మీద. అక్కడైతే మూలం ఒకటే కదా?

మాయాదర్పణం:
అక్కడా ఒకటి కాదు. 1812 నాటి మొదటి కూర్పులో స్నోవైట్‌ను చంపించాలని చూసేది కన్నతల్లే. 1819 కూర్పులో సవతితల్లి అయింది. కప్పరాజు కథలో రాజకుమారి ముద్దు పెట్టదు, కప్పను గోడకేసి కొడుతుంది. పిల్లల పుస్తకాల్లో ఈ రెండు చోట్లా తేడాలొస్తాయి కాబట్టి ముందు అవి తిప్పండి. ముందుమాటలో ఏ కూర్పు ఆధారమో చెప్పారేమో చూసి, చెప్పకపోతే ఆ మాటా సమీక్షలో రాయండి.