ఇల్లు అత్తగారి పేరున ఉంటే కోడలికి హక్కు ఉంటుందా?

వెన్నెల: ఒకామె కాపురం హైదరాబాద్‌లో, ఇల్లు అత్తగారి పేరున. భర్త కొట్టి గెంటేస్తే ఆమె గుంటూరు పుట్టింటికి వచ్చేసింది. డీవీసీ (గృహహింస కేసు) ఎక్కడ వేయాలి? ఆ ఇంట్లో ఉండే హక్కు ఉందా?

న్యాయవాది_గుంటూరు: గుంటూరులోనే వేయొచ్చండి. 2005 గృహహింస చట్టం సెక్షన్ 27 ప్రకారం తాత్కాలికంగా ఉంటున్న చోటి మేజిస్ట్రేట్ కోర్టు చాలు. అత్తమామల ఇల్లయినా, కాపురం చేసిన ఇల్లయితే నివాస హక్కు అడగొచ్చని సుప్రీంకోర్టు 2020లో సతీశ్ చందర్ అహుజా కేసులో తేల్చింది. అయితే అది ఇంటి మీద యాజమాన్యం కాదు. ఆ ఇంటికి బదులు అద్దె ఇల్లు చూపమని కూడా కోర్టు భర్తను ఆదేశించొచ్చు.

తులసి: సెక్షన్ 12 పిటిషన్‌తోపాటే (డీవీసీ అసలు అర్జీ అదే) సెక్షన్ 23 కింద మధ్యంతర ఉత్తర్వు, అంటే కేసు తేలేలోపు ఇచ్చే ఆదేశం, అడగండి, అఫిడవిట్‌ జతచేసి. చాలామంది వదిలేసేది ఇదే. 60 రోజుల్లో తేల్చాలని చట్టంలో ఉన్నా వాయిదాలు సాగుతాయి, అన్నాళ్లూ ఆమె చేతిలో ఏ కాగితమూ ఉండదు! రక్షణ ఉత్తర్వు వచ్చాక భర్త మీరితే సెక్షన్ 31 కింద ఏడాది వరకు జైలు, 20,000 వరకు జరిమానా.

మాధవి: దెబ్బలు తగ్గకముందే ప్రభుత్వాసుపత్రికి వెళ్లమనండి. పరువు కోసం "మెట్ల మీంచి జారిపడ్డా" అంటే చీటీలో అదే రాస్తారు, రేపు అవతలి లాయరు దాన్నే చదివి వినిపిస్తాడు. కొట్టిందెవరో చెప్పి రాయించుకోవాలి. జిల్లా న్యాయసేవాధికార సంస్థలో ఆడవాళ్లకు, ఆదాయంతో పనిలేకుండా, లాయరును ఉచితంగా ఇస్తారు. రాత్రివేళైతే మహిళా హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేయమనండి.