విత్తొకటి పెడితే చెట్టొకటి మొలుస్తుందా? అజేలియా గింజలతో వచ్చిన పేచీ

అడిగినవారు, సియాటిల్ దగ్గర నుంచి

అందరికీ నమస్కారం. "విత్తొకటి పెడితే చెట్టొకటి మొలుస్తుందా" అనే సామెత మీద రెండు సందేహాలు. మా పెరట్లోని ఎర్ర అజేలియా అనే పూల పొద కాయల నుంచి గింజలు తీసి మొక్కలు పెంచాను. ఈ వసంతంలో మొదటిసారి పూశాయి. ఒకటి లేత గులాబీ, ఒకటి దాదాపు తెలుపు, ఇంకొకటి ఎరుపే గానీ తల్లి ఎరుపు కాదు. మా అత్తయ్యగారు చూసి, "మరి సామెత అబద్ధమా ఏమిటే?" అన్నారు. సామెతలో "చెట్టు" అంటే జాతి అనుకోవాలా, రకం అనుకోవాలా? ఇంకోటి, "పెడితే", "వేస్తే", "నాటితే" అని మూడు రకాలుగానూ విన్నాను. ఏది పాత మాట?

ఒంగోలు వైపు నుంచి

రెండోది ముందు తేల్చేద్దాం అమ్మా. మా వైపు "పెడితే" అనే అంటారు. పత్తి గింజ పెడతాం, మొక్కజొన్న పెడతాం. అంటే చిన్న గుంట చేసి వేళ్లతో లోపలికి దించడం. నువ్వులు, జనుము చల్లుతాం. నాటేది ఎక్కువగా నారు: వరి, మిరప, పొగాకు. మామిడి టెంక నాటాం అంటాం గానీ నువ్వులు నాటాం అంటే మా పొలాల్లో నవ్వుతారు. "వేయడం" అన్నిటికీ చెల్లుతుంది. "ఈ ఏడు ఏం వేశారు?" అని అడగడం లేదూ?

మీ గింజ ఎంత ఉంటుంది, ఎలా పెట్టారు చెప్పండి. అప్పుడు దానికి ఏ మాట కుదురుతుందో చూద్దాం.

అడిగినవారు

గింజ అనడం కూడా ఎక్కువేనండి, ధూళి అనాలి. అక్టోబరు, నవంబరుల్లో కాయ గోధుమరంగుకు తిరుగుతుంది. పగలకముందే కోసి కాగితం కవర్లో పడేస్తే ఆరి దానంతటదే నోరు తెరుస్తుంది. తెల్ల కాగితం మీద తట్టి, పొట్టు ఊడ్చేసి, టీ వడగట్టుతో జల్లించాలి. ఆ టైములో తుమ్ము వచ్చిందా, పంట పోయినట్టే.

దీని మీద మట్టి కప్పకూడదు. వెలుతురు తగిలితేనే మొలుస్తుంది. మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో తడి పీట్ (కుళ్లిన నాచు మట్టి) వేసి, పైన మెత్తగా నలిపిన స్ఫాగ్నం నాచు పలచగా పరిచి, దాని మీద గింజలు రాల్చి మూత పెట్టేశాను. చలికాలం కాబట్టి ఇంట్లోనే, ట్యూబ్ లైట్ కింద. ఇరవై డిగ్రీల వేడి ఉంటే రెండు మూడు వారాల్లో ఆకుపచ్చ చుక్కలు లేస్తాయి. చుక్కలంటే నిజంగా చుక్కలే, గుండుసూది తలకన్నా చిన్నవి. తర్వాత నెలల తరబడి ఏమీ జరగనట్టే ఉంటుంది. నాకైతే మొలిచేదాకా లేని టెన్షన్ మొలిచాక మొదలైంది.

ఒంగోలు వైపు నుంచి

ఇది అచ్చంగా పొగాకు నారుమడి వ్యవహారమే! పొగాకు గింజలు గ్రాముకు పది వేలకు పైనే తూగుతాయి. ఉత్త చేత్తో చల్లితే అంతా ఒకచోటే పడుతుంది. అందుకే ఇసుకలో కలిపి చల్లుతారు. మట్టి కప్పరు. నీళ్లు నిలవకుండా మడి ఎత్తుగా కట్టుకుంటారు. తడి ఎక్కువై గాలి ఆడకపోతే నారుకుళ్లు వచ్చి మొదళ్లు మెత్తబడి, పొద్దున చూసిన మొలకలు సాయంత్రానికి పడిపోయి ఉంటాయి. మీ మూత డబ్బాలో అది రాలేదా?

అడిగినవారు

దాని కోసమేనండి నాచు. అందులో ఆ బూజు అంత తేలిగ్గా పట్టదు. రెండు ఆకులు వచ్చాక మూత రోజుకు కాసేపు తీస్తూ బయటి గాలికి అలవాటు చేశాను.

కరీంనగర్ నుంచి

అక్కా, మీరు పెట్టలేదు, నాటలేదు. నారు పోశారు. ఒకచోట ఒత్తుగా మొలిపించి, తర్వాత పీకి వేరేచోట నాటేదానికి మాట అదే. మా దిక్కు వరికి "తుకం పోసుడు" అంటరు. "నారు పోసినవాడు నీరు పోయడా" అన్న సామెతలో ఉన్నది గూడ ఆ పోయడమే. కాబట్టి "అజేలియా నారు పోసిన" అనుండ్రి.

అడిగినవారు

బాగుందన్నా, ఇకనుంచి అదే అంటాను. కానీ నేను నారు పోసి నీరు పోయనిదాన్ని! పైనుంచి పోస్తే గింజలన్నీ ఒక మూలకు కొట్టుకుపోతాయి. డబ్బా అడుగున బెజ్జాలు పెట్టి, నీళ్ల ట్రేలో ఉంచి కిందినుంచి పీల్చుకోనిస్తాను. అదీ వాననీరే. వీటికి ఆమ్ల గుణం ఉన్న నేల కావాలి, పీహెచ్ నాలుగున్నర నుంచి అయిదున్నర మధ్య. సున్నం ఎక్కువున్న నీళ్లు పోస్తే ఆకుల ఈనెలు పచ్చగా ఉండి మధ్యలో పసుపు తేలుతుంది. వేళ్లు ఇనుమును తీసుకోలేక అలా అవుతుంది.

కడియం నుంచి

మొదటి ప్రశ్న అందరూ వదిలేశారు. మేం నర్సరీవాళ్లం, ఈ సామెత మాకు కొత్త కాదు. బంగినపల్లి టెంక నాటితే మామిడే మొలుస్తుంది, బంగినపల్లి మాత్రం రాదు. కాపుకొచ్చేదాకా పండు ఎలా ఉంటుందో ఎవరూ చెప్పలేరు. అందుకే టెంక మొక్కను వేరు కోసం పెంచి, దాని మీద మంచి చెట్టు కొమ్మ అంటు కడతాం. అంట్లు కట్టే ఊళ్లలోనూ ఈ సామెత వాడుతూనే ఉన్నారు, ఎవరికీ తేడాగా అనిపించలేదు. వేప పెట్టినచోట చింత మొలవదన్నదే దాని మాట. పువ్వు రంగుకు అది పూచీ పడలేదు.

మీ ఎర్ర మొక్క ఎప్పుడో రెండు మూడు రకాలు కలిసి పుట్టిన సంకరం అయి ఉంటుంది. పైగా తేనెటీగ పక్కింటి తెల్లదాని మీద వాలి మీ ఇంటికి వచ్చి ఉంటుంది. తల్లి ఒక్కతే తెలుసు మీకు. తల్లి పువ్వే కావాలంటే గింజతో పని కాదు. కొమ్మ కత్తిరించి వేరు పట్టించాలి, లేదా కొమ్మను వంచి మట్టిలో పూడ్చి నేలంటు కట్టాలి.

అడిగినవారు

ఇక్కడ పేరున్న రకాలన్నీ అలాగే పెంచుతారు. తండ్రి ఎవరో కూడా తెలియాలంటే మనమే కలపాలి. మొగ్గ విచ్చకముందే రేకులూ కేసరాలూ తుంచేసి, పుప్పొడి అందుకునే కొన, అంటే కీలాగ్రం, జిగటగా అయ్యాక కావలసిన పుప్పొడి అద్దడం. రేకులు లేకపోతే తేనెటీగకు వాలడానికి చోటుండదు.

బెంగళూరు నుంచి, బోటనీ పాఠాలు చెప్పేవారు

జాతా రకమా అన్నారు కదా, జాతికి పైన ప్రజాతి కూడా ఉంది, అంటే దగ్గరి జాతులన్నీ కలిసిన గుంపు. 1753లో లిన్నేయస్ అజేలియాను, రోడోడెండ్రాన్‌ను రెండు వేర్వేరు ప్రజాతులుగా పెట్టాడు. తర్వాతివాళ్లు రెండింటినీ కలిపేశారు. ఇప్పుడు అజేలియాలన్నీ రోడోడెండ్రాన్లే. అజేలియా పువ్వులో మామూలుగా అయిదు కేసరాలు, మిగతావాటిలో పదీ ఆపైనా ఉంటాయి. అయితే ఈ రెంటికీ సంకరం అరుదు. పుట్టినవాటిలో చాలావరకు గింజే కట్టవు. కాబట్టి ఎరుపు తెలుపు కావచ్చు గానీ, మీ అజేలియా గింజ నుంచి పెద్దాకుల రోడోడెండ్రాన్ లేస్తుందని అత్తయ్యగారు బెంగ పెట్టుకోనక్కర్లేదు. కడియం వారి మాటే నా మాట.

అడవి నుంచి, అంటే చుట్టూ వేరే జాతి లేనిచోట నుంచి ఏరిన గింజైతే దాదాపు తల్లిలాగే వస్తుంది.

కూనూరు నుంచి

అడవి రోడోడెండ్రాన్‌ను చూడాలంటే హిమాలయాలకే వెళ్లనక్కర్లేదు. నీలగిరుల్లో షోలా అడవుల (కొండ లోయల్లోని పొట్టి చెట్ల అడవుల) అంచున, గడ్డి కొండల మీద ఉంది. మొద్దు గరుకుగా, వంకర తిరిగి ఉంటుంది. పువ్వులు ముదురెరుపు. ఇక్కడివాళ్లు కాట్టు పూవరసు అంటారు, అంటే అడవి గంగరావి. ఉత్తరాఖండ్‌లో బురాన్ష్, నేపాల్‌లో లాలీ గురాస్ అనే జాతికి ఇది దక్షిణాది ఉపజాతి. నేపాల్‌కు అది జాతీయ పుష్పం. ఉత్తరాఖండ్‌లో పూలతో షర్బత్ చేస్తారు. అది విని ఎవరూ పెరట్లోని అజేలియా పూలు కోసి తాగెయ్యకండి. ఈ కుటుంబంలో చాలావాటిలో గ్రయానోటాక్సిన్ అనే విషం ఉంటుంది. మేకలు ఆకు మేసి పడిపోతాయి.

హైదరాబాద్ నుంచి

చర్చ చదువుతుంటే ఆశ పుట్టింది. మా బాల్కనీలో కుదురుతుందా? నర్సరీలో డిసెంబరులో కొన్న అజేలియా ఏప్రిల్‌కల్లా ఎండిపోయింది.

కడియం నుంచి

బోరు నీళ్లు పోశారా? సున్నం ఒకవైపు, ఎండ ఒకవైపు. కొన్న మొక్కే నిలవనిచోట ధూళంత గింజ నుంచి పువ్వు దాకా తేవడం కష్టమండి. అజేలియా పూయడానికే మూడు నాలుగేళ్లు, పెద్ద జాతులకు పదేళ్లు కూడా పట్టొచ్చు. నారు పోసే సరదా తీరాలంటే చలికాలంలో పెటూనియా వేయండి. గింజ అంతే సన్నం, అదీ కప్పకూడదు, మూడు నెలల్లో పూస్తుంది.

హైదరాబాద్ నుంచి

సియాటిల్ అక్కా, అయినా ఒక చిటికెడు గింజలు కవర్లో పంపుతారా?

అడిగినవారు

పంపకూడదు తమ్ముడూ. విత్తనం ఏదైనా ఇండియాకు రావాలంటే ఇక్కడి ఫైటోశానిటరీ సర్టిఫికెట్ (తెగుళ్లు లేవని ప్రభుత్వం ఇచ్చే పత్రం), అక్కడి ఇంపోర్ట్ పర్మిట్ ఉండాలి. ఉత్తరంలో పెట్టి పంపితే పట్టుకుంటారు. పెటూనియా వేసి ఫొటో పెట్టు. అత్తయ్యగారికి ఈ చర్చంతా చదివి వినిపించాను. "సరే, నారు పోశావు. మరి ఆ తెల్లది నాకు అంటు కట్టి ఇస్తావా లేదా?" అంటున్నారు.