కచ్ఛపి అంటే తాబేలు వీణేనా?

లలితా సహస్రంలో "నిజసల్లాపమాధుర్య వినిర్భర్త్సితకచ్ఛపీ" అన్న నామం రోజూ చదివేవాళ్లం ఈ గ్రూపులో చాలామందిమే ఉన్నాం. అమ్మవారి మాటల తీపి ముందు సరస్వతి వీణ చిన్నబోయిందని అర్థం. నారదుడిది మహతి, తుంబురుడిది కళావతి, వాణిది కచ్ఛపి అని మా తాతగారు చిన్నప్పుడే నేర్పారు. సౌందర్యలహరిలోనూ ఇదే భావం ఉంది గానీ అక్కడ వాణి వాయించేది విపంచి.

నామం చదువుతుంటే నా కళ్లముందుకు వచ్చేది 24 మెట్ల (తీగను నొక్కి స్వరం పలికించే అడ్డపట్టీల) వీణే. ఆ రూపం కుదురుకున్నది 17వ శతాబ్దంలో, తంజావూరు రఘునాథ నాయకుడి కాలంలో అంటారు. కచ్ఛపి పేరు మాత్రం నాట్యశాస్త్రంలోనే ఉంది. మరి ఆ పాత కచ్ఛపి ఎలా ఉండేది? అమరావతి, నాగార్జునకొండ శిల్పాల్లో బేరిపండు లాంటి పొట్టతో, పొట్టి మెడతో ఒక తీగ వాద్యం కనిపిస్తుంది. నాకు దానిమీదే అనుమానం.

ఇక్కడ నిఘంటువుల్లో మిగిలిన ఈ పేరు సముద్రం అవతల ఇంకా జనం నోట్లో ఉంది. కంబోడియాలో చాపేయ్. థాయిలాండ్‌లో క్రచప్పీ. సులవేసిలో బుగిస్ వాళ్లకు కచాపింగ్. సుమత్రాలో తోబా బతక్ వాళ్ల నోట క కాస్తా హ, చ కాస్తా స అయి హసాపి. ఫిలిప్పీన్స్‌లోని మిందనావ్‌లో కుతియాపి. జావాలో సుండా వాళ్ల కచాపికైతే మెడే లేదు, మన స్వరమండలం లాగా పడుకోబెట్టి మీటుతారు. వాద్యం వేరైనా పేరు అదే.

కచ్ఛపం అంటే తాబేలు కాబట్టి తాబేలు డిప్ప ఆకారం వల్లే ఈ పేరు వచ్చిందా? లేక వేరే దారి ఉందా? తెలిసినవారు చెప్పండి.

*

నమస్కారమండీ. మేము జకార్తాలో ఉంటాం. ఇక్కడ కెచాపి అంటే ఒక పండు కూడా. పసుపు తొక్క, లోపల తెల్లటి గుజ్జు, పులుపూ తీపీ కలిసి ఉంటుంది. వృక్షశాస్త్రంలో దాని పేరు సాండోరికం కోయెట్జాపె. వాద్యానికి చెట్టు పేరే వచ్చిందేమో కదా?

*

మంచి మాట గుర్తుచేశారండీ. పండు పేరు, వాద్యం పేరు ఒకటే మాటని నేను ఒప్పుకోలేను, పలుకు కలిసినంత మాత్రాన చుట్టరికం కుదరదు. అయితే చెట్టు దారి మన దగ్గరా ఉంది. అమరకోశంలో నందివృక్షానికి చెప్పిన పర్యాయపదాల్లో "కచ్ఛః" ఒకటి. ఆ కలపతో చేసింది కచ్ఛపి అనేవాళ్లున్నారు. అయినా నా మొగ్గు తాబేలు వైపే. బెంగాల్‌లో ఆనపకాయ బుర్రను బల్లపరుపుగా కోసి చేసే సితారును కఛువా సితార్ అంటారు. కఛువా అంటే తాబేలే. పొట్ట ఆకారాన్ని బట్టి పేరు పెట్టడం పనివాళ్లకు సహజం.

*

మరి కుతియాపి పడవలా పొడుగ్గా ఉంటుందిగా సార్, దానికి తాబేలు పోలిక ఎక్కడిది?

*

లేదండీ, పేరు ఒక్కటే అక్కడిదాకా వెళ్లింది. రూపు అంతా పడవదీ మొసలిదీ. ఎందుకంత గట్టిగా చెప్తున్నానంటే, ఈ వేసవిలో కుతియాపి ఒకటి నేనే చేశాను. మిందనావ్‌లో దాన్ని పనస కలపతో చేస్తారని తెలిసిన రోజు నాకు నిద్ర పట్టలేదు. మాది బొబ్బిలి దగ్గరి ఊరు. అక్కడి గొల్లపల్లిలో ఒకే పనసమొద్దు తొలిచి చేసే ఏకాండి వీణలు చూస్తూ పెరిగాను.

కుతియాపికి తీగలు రెండే. ఒకటి పాటకు, ఒకటి శ్రుతికి. మెట్లను తేనెమైనంతో నిలబెడతారు, మన వీణకు మేళం కట్టినట్టే, అంటే మైనంలో మెట్లు కూర్చినట్టే. మైనం వెచ్చచేసి, మెత్తబడగానే మెట్టు దించి, తీగ మీటి వింటాను. స్వరం పైకి పోతే మెట్టును బిరడాల (తీగలు బిగించే మరల) వైపు గోరంత జరపాలి. చల్లారితే ఇక కదలదు, మళ్లీ వేడిచేయాల్సిందే. ఒక్క మెట్టుకు సాయంత్రమంతా పట్టిన రోజుంది.

అక్కడివాళ్లకు రెండు స్వర వరసలున్నాయి, దినలదాయ్, బినలిగ్. ఒక వరస నుంచి ఇంకోదానికి పోవాలంటే మెట్లు జరపాలి. రామామాత్యుడు 1550లో స్వరమేళకళానిధిలో ఏకరాగమేళ వీణ (ఒక రాగానికే మెట్లు కూర్చేది), సర్వరాగమేళ వీణ (అన్ని రాగాలకూ సరిపడేలా కూర్చేది) అని విడదీసి చెప్పాడు. మొదటిదాన్ని నేను పుస్తకంలో మాటగానే చదివాను. వేలితో మెట్టు జరిపాకే అర్థమైంది. మేళం అంటే రాగాల పట్టిక అనే తెలుసు నాకు. ముందు అది మెట్లను కూర్చడం. మేళకర్తలోని మేళం కూడా అదే మాట.

ఒక్క సంగతి మాత్రం తేలలేదు. వీణ మెట్ల కింద తేనెమైనంలో మసి కలిపి నల్లగా పోస్తారే, ఆ ముద్దకు గొల్లపల్లి పనివాళ్లు వాడే మాట ఏదో ఉంది. చిన్నప్పుడు విన్నాను, నాలుక మీదికి రావడం లేదు. ఆ వైపు వాళ్లెవరైనా అడిగి ఇక్కడ రాయండి.