లియొనార్డో ఉయ్యాల మీద వాలింది గద్దా, రాబందా?

ఎప్పుడో చదివిన వాక్యం ఒకటి బుర్రలో తిరుగుతోంది. "ఉయ్యాలలో ఉండగా గద్ద వచ్చి, తోకతో నా నోరు తెరిచి, పెదాల మీద కొట్టింది." చిత్రకారుడు లియొనార్డో డావించి చెప్పుకున్న చిన్ననాటి జ్ఞాపకం ఇది; మనోవిశ్లేషణ మొదలుపెట్టిన ఫ్రాయిడ్ 1910లో ఆయన మీద రాసిన దాంట్లోది. అక్కడ గద్దేనా, రాబందా?

↪ ఇటాలియన్‌లో 'నిబ్బియో', అంటే గద్ద. ఫ్రాయిడ్ వాడుకున్న జర్మన్ అనువాదంలో అది 'గైయర్', రాబందు అయింది. లియొనార్డో మనసు గురించి ఫ్రాయిడ్ కట్టిన సిద్ధాంతాల మేడకి ఆ రాబందే పెద్ద స్తంభం: రాబందు తలతో ఈజిప్టు తల్లిదేవత మూత్, రాబందుల్లో మగవే లేవన్న పాత నమ్మకం, తండ్రి దగ్గర లేని బిడ్డ, తల్లి మీద విడవని మమకారం, దాన్నుంచి స్వలింగ ప్రేమ. 1923లోనే ఈ తప్పు బయటపడింది.

↪ తమ్ముడూ, తెలుగులో అంత తేలిగ్గా తేలదు. గృధ్రం ప్రకృతి, గద్ద వికృతి. వాల్మీకి జటాయువు గృధ్రరాజు. మనవాళ్లు ఆయన్ని గద్ద అనీ అన్నారు, రాబందు అనీ అన్నారు.

↪ మాస్టారూ, వ్యుత్పత్తి సరే, వాడుక మాటేమిటి? కోడిపిల్లని తన్నుకుపోయేది గద్ద, గొడ్డు చస్తే దిగేది రాబందు. పల్లెలో ఎవరూ పొరబడరు. పైగా లియొనార్డో పక్షులు ఎగిరే తీరు గురించి రాసుకుంటూ, గద్ద గురించి ఇంత రాయడం తన నుదుట రాసి ఉందేమో అంటూ ఈ జ్ఞాపకం చెప్తాడు.

↪ నాకు పక్షి కన్నా ఫ్రాయిడ్ 1935 ఉత్తరం ముఖ్యం. అమెరికాలో ఒక తల్లికి రాశాడు: మీ అబ్బాయి స్వలింగ ప్రేమ సిగ్గుపడాల్సిన విషయం కాదు, దుర్గుణం కాదు, జబ్బుగా లెక్కకట్టలేం అని. ప్లేటో, మైకెలాంజెలో, లియొనార్డో పేర్లు చెప్పాడు. 'ఎదుగుదల ఒకచోట ఆగడం' అని కూడా అన్నాడు, అది నాకు మింగుడుపడదు. అయినా తర్వాతి అమెరికన్ మనోవిశ్లేషకులు (సైకోఅనలిస్టులు) ఆయనకంటే వెనక్కి పోయారు. 1962లో బీబర్ బృందం తల్లిదండ్రుల పెంపకాన్ని తప్పుపట్టి, మార్చవచ్చు అంది. 1973లో అమెరికా మనోవైద్యుల సంఘం స్వలింగ ప్రేమని జబ్బుల జాబితాలోంచి తీసేస్తే సోకరైడిస్ లాంటి విశ్లేషకులు ఎదురుతిరిగారు. అక్కడి సైకోఅనలిస్టుల సంఘం క్షమాపణ చెప్పింది 2019లో. ఈలోపు ఎన్ని ఇళ్లలో తల్లులు తమని తాము తిట్టుకుని ఉంటారో!

↪ అక్కా, మైకెలాంజెలో అన్నారు కాబట్టి చెప్తున్నా. కవలియేరి అనే యువకుడి మీద ఆయన రాసిన పద్యాల్ని 1623లో అచ్చువేసినప్పుడు, తమ్ముడి మనవడే 'అతడు' ఉన్నచోట 'ఆమె' పెట్టాడు. గద్ద రాబందు కావడం పొరపాటు. ఇది కావాలని చేసిన పని.

↪ ఆ పద్యాల్ని తెలుగు చేసేటప్పుడు 'నువ్వు' అంటే ఆ బెడద లేదు కదా?

↪ ఉంది. ఆ యువకుణ్ణి 'సిన్యోర్ మియే', అంటే 'నా ప్రభువా', అని పిలుస్తాడు. 'ప్రభూ' అంటే భక్తిపద్యం అయిపోతుంది. నేనైతే 'నా దొరా' అంటాను.

↪ 'దొరా' ఒప్పుకోను. 'సామీ' అనండి, క్షేత్రయ్య చెవికి పడుతుంది.