గ్లియా కణాలు న్యూరాన్లకు పది రెట్లా? కీ తప్పా, నేను తప్పా?

బెంజ్‌సర్కిల్ బైపీసీ:
ఆదివారం మా కోచింగ్ టెస్టులో ఒక బిట్టు వచ్చింది. మెదడులో న్యూరాన్ల కంటే గ్లియా కణాలు ఎన్ని రెట్లు? నేను ‘దాదాపు సమానం’ పెట్టాను. కీలో 10 రెట్లు అని ఉంది. నాలుగు మార్కులు పోయాయి, పైన ఒకటి మైనస్. సార్‌ని అడిగితే ‘ఎప్పట్నుంచో ఇదే చెప్తున్నాం’ అన్నారు. తప్పెవరిది?

అరండల్‌పేట అన్న:
కీయే కరెక్టమ్మా. మేం ఫస్టియర్ ఎంబీబీఎస్‌లో చదివిందీ అదే. సిగ్నల్ పంపేది న్యూరాన్. గ్లియా కణాలు దానికి వండిపెట్టి, అంట్లు తోమే పనివాళ్ళు. ఒక్కరికి పదిమంది, అంతే.

పాత జువాలజీ మాస్టారు:
ఆ పదిమందిని లెక్కపెట్టిందెవరు నాయనా? నేనూ పాతికేళ్ళు అదే చెప్పాను, అది వేరే సంగతి. 2009లో బ్రెజిల్ శాస్త్రవేత్త సుజానా హెర్క్యులానో హౌజెల్ బృందం నిజంగానే లెక్కపెట్టింది. మనం పప్పు ఎనిపినట్టు మెదడు ముక్కల్ని డిటర్జెంట్ నీళ్ళలో మెత్తగా ఎనిపేశారు. కణాల పొరలు చెదిరి కేంద్రకాలు మాత్రం మిగులుతాయి. బాగా కలిపితే ఏ చుక్కలో చూసినా ఒకే పాళ్ళు. న్యూరాన్ కేంద్రకాలకే అంటుకునే రంగు వేసి, కాస్త తీసి మైక్రోస్కోప్ కింద లెక్కించి, మొత్తానికి హెచ్చవేశారు. తేలింది 8,600 కోట్ల న్యూరాన్లు, 8,500 కోట్ల ఇతర కణాలు. ఈ ఇతర కణాల్లో రక్తనాళాల కణాలు కూడా ఉన్నాయి, కాబట్టి గ్లియా ఇంకా తక్కువే.

అరండల్‌పేట అన్న:
నాలుగంటే నాలుగు మెదళ్ళు చూసి తేల్చేశారు కదా మాస్టారూ. పైగా మెదడంతా ఒకేలా ఉంటుందా?

పాత జువాలజీ మాస్టారు:
ఉండదు, ఒప్పుకుంటాను. న్యూరాన్లలో 6,900 కోట్లు ఒక్క అనుమస్తిష్కంలోనే (మెదడు వెనక, కింది భాగం) ఉన్నాయి, అక్కడ గ్లియా బహు తక్కువ. మస్తిష్కం పైపొరలో, కింది తెల్ల పదార్థంతో కలిపితే, ఇతర కణాలు దాదాపు నాలుగు రెట్లు. మెదడు కాండం వైపు వెళ్తే పది రెట్లు దాటతాయి కూడా. కానీ బిట్టులో ఉన్నది ‘మెదడులో’ అని. దసరా నాడు కొండ మీద క్యూ చూసి బెజవాడ జనాభా లెక్క కడతామా?

గుంటూరు ఫిజియో:
లెక్క సంగతి మీరు తేల్చుకోండి. నాకు ఒళ్ళు మండింది ‘పనివాళ్ళు’ అన్న మాటకి. నా దగ్గరికి జీబీఎస్ (గిలన్ బారే సిండ్రోమ్ అనే నరాల జబ్బు) పేషెంట్లు వస్తారు. ఎక్కువగా కనబడే రకంలో దెబ్బతినేది న్యూరాన్ కాదు, దాని పొడవాటి తీగ చుట్టూ ష్వాన్ కణాలు (ఇవీ గ్లియానే) చుట్టిన మయలిన్ తొడుగు. నిన్న సైకిల్ తొక్కినాయన ఇవాళ స్పూను పట్టుకోలేడు. తొడుగు మళ్ళీ కట్టుకునేదాకా నెలలు పడుతుంది.
వేడి పెనం తగిలినప్పుడు గమనించండి. ముందు చురుక్కుమంటుంది, ఓ క్షణం ఆగి మంట మొదలవుతుంది. చురుకు వచ్చేది పల్చటి మయలిన్ ఉన్న తీగ మీద, సెకనుకు 5 నుంచి 30 మీటర్లు. మంట వచ్చేది తొడుగు లేనిదాని మీద, 2 మీటర్లు దాటదు. మందపాటి తొడుగుంటే 120 దాకా పోతుంది.

అరండల్‌పేట అన్న:
వైరు తొడుగు ఊడితే షార్టవుతుంది. అలాగని కరెంటు తొడుగులో పుట్టిందంటామా? గ్లియాలో ఒక రకమైన ఆస్ట్రోసైట్ ఏదైనా న్యూరాన్‌లా యాక్షన్ పొటెన్షియల్ (విద్యుత్ సిగ్నల్) పుట్టిస్తుందేమో చూపించండి.

గుంటూరు ఫిజియో:
పుట్టించదు. కానీ 2013లో అమెరికాలో మనిషి గ్లియాకి మూలమైన కణాల్ని చిట్టెలుక పిల్లల మెదడులో పెట్టారు. పెద్దయ్యాక ఆ చిట్టెలుకలు మామూలు వాటికంటే తొందరగా నేర్చుకున్నాయి. మార్చింది గ్లియానే, న్యూరాన్లని కాదు. దీనికేమంటావు తమ్ముడూ?

అరండల్‌పేట అన్న:
చిట్టెలుకలు నీట్ రాయవు కదక్కా 😀 సరే, ‘పనివాళ్ళు’ వెనక్కి తీసుకుంటున్నా. ‘సహాయక కణాలు’ మాత్రం వదలను.

బెంజ్‌సర్కిల్ బైపీసీ:
పాత ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకం పట్టుకెళ్ళి సార్‌కి చూపించాను. నాడీ కణజాలం ఘనపరిమాణంలో సగానికి పైగా గ్లియా అని ఉంది, ఎన్ని రెట్లన్న మాటే లేదు. వచ్చే బ్యాచ్‌కి ఆ బిట్టు తీసేస్తారట. నా మైనస్ మార్కు మాత్రం అలాగే ఉంది.